ఊరి గ్రామసభలో మన మాట

2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సుమారు 12,700 ఊళ్లకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. అంతకుముందు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఆ ఊళ్లను ప్రత్యేక అధికారులే నడిపారు. ఓట్లు లెక్కపెట్టిన రోజుల్లో సోనాపూర్, అల్ ఖూజ్, జెబెల్ అలీ, సజ్జా, ముసఫ్ఫా ఏ క్యాంపులో చూసినా మనవాళ్ల ఫోన్లలో అదే ముచ్చట. మనూరి సర్పంచ్ ఎవరు, ఎన్ని ఓట్ల మెజారిటీ, మన వార్డు ఎవరికి పోయింది?

తెలుసుకున్నాం, సంతోషపడ్డాం, కొందరం బాధపడ్డాం, మళ్లీ డ్యూటీకి పోయాం. ఇక ఊరి సంగతి ఐదేళ్ల దాకా మనకు పట్టదన్నట్టు ఊరుకుంటున్నాం. అసలు పని మొదలయ్యేది ఇప్పుడే. మోరీ ఏ వీధిలో కట్టాలి, బోరు ఎక్కడ వేయాలి, వీధి దీపం ఏ స్తంభానికి పెట్టాలి, ఇల్లు ఎవరికి రావాలి అన్నవి ఓట్ల రోజున తేలవు. ఏడాది పొడుగునా జరిగే గ్రామసభల్లో తేలతాయి. అక్కడ మన మాట వినబడటం లేదు. గల్ఫ్‌లో ఉన్నవాడి మాట అక్కడికి ఎలా చేరాలన్నదే ఈ వారం మన ముచ్చట.

ఇక్కడ మన హద్దు ఎంత?

ముందు ఇక్కడి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది అడిగేది ఇదే. ఎమిరేట్స్‌లో పరాయి దేశస్థులకు ఓటు లేదు. 40 మంది సభ్యులుండే ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌లో సగం మందిని ఎన్నుకునే పద్ధతి 2006లో వచ్చింది. ఆ ఓటు ఈ దేశ పౌరులదే. మనం వచ్చింది కష్టం చేసుకోవడానికి, ఇక్కడి చట్టం ప్రకారం నడుచుకోవాలి. యూనియన్ పెట్టడం, పని ఆపి రోడ్డు మీద కూర్చోవడం ఇక్కడ చెల్లవు. ఆ దారిన పోయినవాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుని ఇంటికి వెళ్లిన సందర్భాలున్నాయి.

ఓటు లేదు కదా అని నోరు కూడా లేదనుకోవద్దు. దుబాయ్‌లో క్యాంపు బయట చెత్త ఎత్తకపోయినా, మురుగు పొంగినా మున్సిపాలిటీ నంబరు 800900కు ఎవరైనా ఫోన్ చేసి చెప్పవచ్చు. జీతం, గది, పని గంటల తగాదా అయితే కార్మిక శాఖ సలహా కేంద్రం 80084 ఉంది. కార్మికుల వసతి మీద 2009లో కేబినెట్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం గదిలో ఒక్కొక్కరికి కనీసం 3 చదరపు మీటర్ల జాగా ఉండాలి. మన భాష తెలిసినవాళ్ల సాయం కావాలంటే ఇండియన్ ఎంబసీ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342 ఉంది. గదిలో పదిమంది ఉంటే పదిమందీ పది మాటలు చెప్పకుండా, తేదీ, గది నంబరు, సమస్య రాసుకుని ఒకరు ఫోన్ చేస్తే పని తొందరగా అవుతుంది.

ఇక్కడ మన హద్దు ఇంతే. ఇక్కడ లేని హక్కు కోసం నిట్టూర్చే మనం, ఊళ్లో ఉన్న హక్కును మాత్రం వాడుకోకుండా వదిలేస్తున్నాం. ఇది మన చేతిలో ఉన్న పొరపాటు కనుక దిద్దుకోవడమూ మన చేతిలోనే ఉంది.

గ్రామసభ అంటే ఎవరు?

గ్రామ పంచాయతీ వేరు, గ్రామసభ వేరు. సర్పంచ్, వార్డు సభ్యులు కలిస్తే పంచాయతీ. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ కలిస్తే గ్రామసభ. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటు ఉంది. ఓటు ఉన్న కూలివాడూ, ఓటు ఉన్న దొరా అక్కడ సమానమే.

ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం ఏప్రిల్ 14న, అక్టోబర్ 3న గ్రామసభ తప్పక జరపాలని పెట్టింది. తెలంగాణలో 2018 చట్టం ఇంకా గట్టిగా ఉంది. రెండు నెలలకు ఒకసారి సభ పెట్టాలి. వృద్ధులు, వికలాంగుల సమస్యల కోసం కూడా ప్రత్యేకంగా సభలు జరగాలి. పెట్టని సర్పంచ్ పదవికే ఎసరు వస్తుంది.

చట్టం ఇలా ఉంటే ఊళ్లో జరిగేది మనకు తెలుసు. చాటింపు సగం ఊరికే వినబడుతుంది. పంచాయతీ ఆఫీసు ముందు పదిమంది కూర్చుంటారు. కార్యదర్శి ఏదో చదువుతాడు. తర్వాత రిజిస్టర్ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించుకుంటుంది. సభకు రానివాళ్లు కూడా వచ్చినట్టు కాగితం మీద ఉంటుంది. ఆ సంతకాల్లో మన ఇంటివాళ్లవి కూడా ఉంటాయి. ఏం రాసుందో చదవకుండా పెట్టిన సంతకం, మనం ఒప్పుకున్నట్టే లెక్క.

అక్కడ ఏం తేలుతుంది?

"ఆ సభతో ఏమొస్తుంది, ఉత్త ముచ్చట్లే కదా" అనేవాళ్లు చాలామంది. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ ఊళ్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్ కార్డులు, కూలీలకు ఆత్మీయ భరోసా ఈ నాలుగింటి జాబితాలను గ్రామసభల్లో చదివారు. పేరు లేనివాళ్లు లేచి అడిగారు. చాలాచోట్ల గొడవలయ్యాయి. పేరు రానివాళ్ల దగ్గర మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. ఆ రోజు సభకు పోయి అడిగినవాళ్ల కాగితం టేబుల్ మీదకు చేరింది. ఇంట్లో కూర్చున్నవాళ్లది చేరలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకేరోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ కింద ఏ ఊళ్లో ఏ రోడ్డు వేయాలి, ఏ కాలువ తవ్వాలి అన్నవి ఆ సభల్లోనే తీర్మానం చేశారు.

వీటికి తోడు ప్రతి పంచాయతీ ఏటా ఒక అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు ఇచ్చే మామూలు నిధుల్లో 60 శాతం మంచినీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నియమం పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. ఆ 40 శాతం వైకుంఠధామం దారికా, బడి గోడకా, సర్పంచ్ ఇంటి ముందు సీసీ రోడ్డుకా అన్నది గ్రామసభలో అడిగేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన ఇంటి నుంచి ఎవరు పోతారు?

సభ మామూలుగా పొద్దున పది, పదకొండు గంటలకు పెడతారు. ఇక్కడ అప్పుడు ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర. మనం సైట్ మీద ఉంటాం. ఫోన్ లాకర్‌లోనో, సూపర్‌వైజర్ కంటి ముందు జేబులోనో ఉంటుంది. కాబట్టి మనం నేరుగా పాల్గొనడం కుదరదు. మన తరఫున ఇంకొకరు చెయ్యెత్తడానికీ చట్టంలో వీలు లేదు.

మన ఇంట్లో ఇంకో సభ్యురాలు ఉంది కదా. ఆమెకు తన సొంత ఓటు ఉంది. ఆమె గ్రామసభకు వెళ్లేది మన బదులుగా కాదు, తన హక్కుతో.

ఇక్కడే మనం నిజం మాట్లాడుకోవాలి. "మగవాళ్ల మధ్యకు నువ్వెందుకు, మా అన్న చూసుకుంటాడు" అని ఫోన్లో చెప్పేది ఎవరు? మనమే. పదేళ్లు ఆమె ఒక్కతే ఇల్లు నడిపింది. పిల్లలను బడికి పంపింది, అత్తమామల మందులు చూసింది, పొలం కౌలుకిచ్చింది, బ్యాంకులో అప్పు కట్టింది. నల్లా రాకపోతే బిందె ఎత్తుకుని బోరు దగ్గరికి పోయింది ఆమె. ఏ వీధిలో నీళ్లు రావో మనకంటే ఆమెకే బాగా తెలుసు. అన్నకు తన ఇంటి ముందు మోరీ కావాలి. ఆమె వీధి మోరీ గురించి ఆయన ఎందుకు లేచి అడుగుతాడు?

2023లో రేషన్ కార్డులకు వేలిముద్రల నమోదు మొదలైనప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? గల్ఫ్‌లో ఉన్నవాడి వేలిముద్ర ఎలా వేయాలి, వేయకపోతే పేరు పోతుందా అని ఊరూరా ఇళ్లల్లో భయపడ్డారు. అలాంటి ప్రశ్న రేషన్ దుకాణం దగ్గర ఒక్కరు అడిగితే డీలర్ "నాకు తెలియదు" అంటాడు. గ్రామసభలో అధికారి ముందు పదిమంది గల్ఫ్ ఇళ్ల ఆడవాళ్లు కలిసి అడిగితే అది రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, మండలానికి పోతుంది.

ఒక్కతే పోవడానికి జంకుతుంది, సహజం. మహిళా సంఘం ఉంది కదా. నెలకోసారి పొదుపు కట్టడానికి కలిసే పదిమందీ అదే రోజు సభకూ కలిసి వెళ్లవచ్చు. తెలంగాణ చట్టం ప్రకారం గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు పంచాయతీలో కో-ఆప్షన్ సభ్యురాలిగా కూర్చుంటుంది. ఆమెకు ఓటు ఉండదు కానీ మాట్లాడే చోటు ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ సగం పదవులు ఆడవాళ్లకే రిజర్వు. మీ సర్పంచ్ కూడా మహిళే కావచ్చు. ఆమె బదులు భర్త కుర్చీలో కూర్చుంటే "సర్పంచమ్మ చెప్పాలి" అని అడగడానికి కూడా సభలో ఆడవాళ్లు ఉండాలి.

సభకు ముందు, సభలో, సభ తర్వాత

మనం ఇక్కడి నుంచి చేయగలిగింది ఇది. సెలవు రోజున ఫోన్ చేసినప్పుడు "పైసలు అందినయా, పిల్లలు ఎట్లున్నరు" అన్న తర్వాత ఇంకో మాట అడగండి. ఈసారి గ్రామసభ ఎప్పుడు, ఏం అడగాలి? ఒక్క సమస్య ఎంచుకోండి. పది చెబితే ఒక్కటీ కాదు.

ఆ సమస్యను తెల్ల కాగితం మీద రాయించండి. వార్డు నంబరు, వీధి, ఎన్ని ఇళ్లు, ఎప్పటి నుంచి, ఏం కావాలి అన్నవి ఉంటే చాలు, అర పేజీ మించక్కర్లేదు. అదే వీధిలో ఉన్న ఇంకో ఐదారుగురి సంతకాలు పెట్టించండి. రెండు కాపీలు తీయాలి. ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేయించి, స్టాంపు, సంతకం తీసుకోవాలి. స్టాంపు లేని కాగితానికి విలువ లేదు. ఆ రెండో కాగితం ఫోటో మీకు పంపమనండి.

సభలో లేచి "మా వార్డు అర్జీ ఇచ్చాం, తీర్మానంలో రాయండి" అని ఒక్క మాట అడిగితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. రాసింది చదవమని అడగాలి. చదివాకే సంతకం.

సభ తర్వాత నెలన్నర దాకా ఏమీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చిన ఈ చట్టం కింద తీర్మానం నకలు, ఖర్చు బిల్లులు అడగవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంటి నుంచి భార్య పేరునో, తమ్ముడి పేరునో పెట్టడం సులువు.

ఇంకో పని మనమే బంకు మీద పడుకుని చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ అనే పోర్టల్ మొదలుపెట్టింది. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆ ఏడాది మన పంచాయతీ ప్రణాళికలో ఏ పనులు ఉన్నాయో, ఎంత ఖర్చు రాశారో కనిపిస్తుంది. కాగితం మీద మన వీధిలో మోరీ కట్టినట్టు ఉందా? ఉంటే ఇంటికి ఫోన్ చేసి, కట్టారో లేదో చూసి రమ్మనండి. క్యాంపులో స్మార్ట్ ఫోన్ బాగా తెలిసిన తమ్ముళ్లు ఉంటారు. పెద్దవాళ్లకు చూపించండి. పాటలు, సినిమాలు చూసే ఫోన్లో పది నిమిషాలు ఊరి లెక్క కూడా చూడవచ్చు.

జాబితాలో పేరు ఉందా?

ఇవన్నీ ఓటర్ల జాబితాలో పేరుంటేనే. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా ఆధారంగానే వార్డుల వారీగా తయారు చేస్తారు. "ఊళ్లో ఉండటం లేదు" అని ఎవరైనా చెబితే అక్కడ పేరు తీసేస్తారు. ఒకప్పుడు విదేశాల్లో పనిచేసేవాడికి ఓటు ఉంచే దారే లేదు. 2010లో చట్టం సవరించి, 2011 ఫిబ్రవరి నుంచి విదేశాల్లో ఉన్న భారత పౌరులు పాస్‌పోర్టులో ఉన్న సొంతూరి చిరునామా మీదే ఓటు పెట్టుకునే వీలు కల్పించారు. దానికి 6ఏ ఫారం నింపాలి. ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు కావాలి. పైసా ఫీజు లేదు. ఎవరైనా ఏజెంటు డబ్బు అడిగితే ఇవ్వవద్దు. ఫారం చేరాక బూత్ స్థాయి అధికారి మన ఇంటికి వచ్చి విచారిస్తాడు. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

ఓటు వేయాలంటే మాత్రం ఒరిజినల్ పాస్‌పోర్టుతో మనమే బూత్‌కు పోవాలి. విదేశం నుంచి పోస్టులో, ఆన్‌లైన్‌లో వేసే వీలు లేదు. వేరొకరి చేత వేయించే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది కానీ, చట్టం కాకుండానే 2019లో మురిగిపోయింది. అందుకే 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 1,19,374 మంది విదేశీ ఓటర్లు నమోదై ఉంటే, వచ్చి ఓటేసింది 2,958 మందే. అందులో 2,670 మంది కేరళవాళ్లు. మలయాళీలు మనకంటే తెలివైనవాళ్లని కాదు. వాళ్ల సంఘాలు ఎన్నికలకు నెలల ముందే పేర్లు నమోదు చేయించి, టికెట్లు చూసుకున్నాయి. మనం ఓట్ల రోజు దాకా అడగలేదు.

2025 నవంబర్‌లో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైంది. ఇంటింటికీ వచ్చి ఫారం ఇచ్చి, ఎవరున్నారు, ఎవరు లేరు అని రాసుకునే పద్ధతి అది. అలాంటి లెక్కకు మన ఇంటికి ఎవరు వచ్చినా, ఇంట్లోవాళ్లు "దుబాయ్‌లో ఉంటాడు" అని మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. "ఆయన పేరు ఉంచాలంటే ఏ ఫారం నింపాలి" అని అడగాలి. పంచాయతీ జాబితా ముసాయిదా ఆఫీసు గోడకు అంటించినప్పుడు ఇంటివాళ్ల పేర్లన్నీ ఉన్నాయో లేదో చూసి రమ్మనాలి. వీసా రద్దు చేసుకుని ఇంటికి పోయినవాళ్లు మామూలు 6వ ఫారంతో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఇది చాలామంది మరచిపోతారు.

చందా మనది, తీర్మానం ఎవరిది?

ఇప్పుడు మనకు బాగా తగిలే సంగతి. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు, అంటే వీడీసీలు ఉంటాయి. గుడికి, బోరుకు, కమాను కట్టడానికి చందాలు అనగానే ముందు గుర్తొచ్చేది గల్ఫ్‌లో ఉన్నవాళ్లే. వాట్సాప్‌లో జాబితా వస్తుంది. నీ పేరు ఎదురుగా ఎంతో రాసి ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఈ కమిటీలు మంచి పనులే చేశాయి, కాదనలేం. కానీ ఇవి చట్టంలో ఉన్న సంఘాలు కావు. కొన్నిచోట్ల జరిమానాలు వేయడం, కుటుంబాలను వెలివేయడం, సర్పంచ్ పదవినే వేలం పెట్టడం దాకా పోయాయి, కేసులయ్యాయి.

పంచాయతీ ఖర్చుకు ఆడిట్ ఉంటుంది, గ్రామసభలో లెక్క అడగవచ్చు. వీడీసీ ఖర్చుకు అడిగే చోటు లేదు. కాబట్టి ఇచ్చేటప్పుడే అడుగుదాం. ఈ పని గ్రామసభలో తీర్మానమైందా? పంచాయతీ నిధులతో అయ్యే పనికి మన దగ్గర చందా ఎందుకు? లెక్క ఎప్పుడు చదువుతారు? ఊరికి సాయం చేసిన దాతను పంచాయతీలో కో-ఆప్షన్ సభ్యుడిగా తీసుకునే వీలు తెలంగాణ చట్టంలోనే ఉంది. అంటే దాతకు కుర్చీ ఉంది. మరి వందమంది గల్ఫ్ కార్మికులు తలా వేయి రూపాయలు పంపితే, వాళ్ల ఇళ్ల నుంచి ఒక్కరైనా లెక్క వినడానికి సభలో ఉండవద్దా?

రెండు జాగ్రత్తలు. ఇక్కడ క్యాంపులో గదిగదికీ తిరిగి చందాలు వసూలు చేయవద్దు. గుడికైనా, చనిపోయినవాడి కుటుంబానికైనా సరే. ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం నేరం. 2021లో వచ్చిన ఫెడరల్ చట్టం కింద జైలు, లక్షల దిర్హమ్‌ల జరిమానా పడవచ్చు. ఎవరికి వారు ఎక్స్ఛేంజ్ నుంచి ఇంటికి పంపుకుని అక్కడ ఇవ్వడమే మంచిది. రెండోది, ఊరి గ్రూపులో సర్పంచ్‌ను, ఇంకొకరిని బూతులు తిట్టి వాయిస్ మెసేజ్‌లు పెట్టవద్దు. ఇక్కడి సైబర్ చట్టంలో ఆన్‌లైన్ తిట్లు కూడా నేరమే. లెక్క అడగడం వేరు, తిట్టడం వేరు. స్టాంపు వేసిన అర కాగితం చేసే పని, పది నిమిషాల వాయిస్ మెసేజ్ చేయదు.

ఊరి చేతిలో లేనివి

కొన్ని పనులు పంచాయతీతో కావు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని 2024లో నిర్ణయించింది. దానికి కుటుంబం కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ఇలాంటి పథకం వచ్చిందన్న కబురు చాలా ఇళ్లకు ఆలస్యంగా చేరుతుంది. గ్రామసభలో "గల్ఫ్ కుటుంబాలకు ఏమేం పథకాలున్నాయో చదివి వినిపించండి" అని ఎవరైనా అడిగితే, కార్యదర్శి మండలంలో కనుక్కుని చెప్పక తప్పదు. ఆ ఒక్క ప్రశ్న ఒక ఇంటికి ఆసరా కావచ్చు.

సెలవు మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. రెండు నెలల సెలవులో పెళ్లిళ్లు, తీర్థాలు, చుట్టాల ఇళ్లు అన్నీ ఉంటాయి. తెలంగాణ ఊరైతే ఆ రెండు నెలల్లో ఒక గ్రామసభ కూడా ఉండాలి. ఎప్పుడని పంచాయతీ ఆఫీసుకు పోయి అడగండి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడగండి. భార్యను వెంట తీసుకుని వెళ్లి, పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు తిరిగి విమానం ఎక్కాక ఆమె ఒక్కతే పోవడానికి ఆ ఒక్కరోజు ధైర్యం చాలు.

ఈ వారం సెలవు రోజున ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు కనుక్కోండి. ఓటర్ల జాబితాలో మన ఇంట్లో ఎవరెవరి పేర్లున్నాయి? పోయినసారి గ్రామసభ ఏ తేదీన జరిగింది? అందులో మన వార్డు గురించి ఏం రాశారు? జవాబు దొరికినవాళ్లు, దొరకనివాళ్లు ఇద్దరూ ఊరు, మండలం రాసి మాకు పంపండి. ఏ ఊళ్లో సభ జరుగుతోంది, ఏ ఊళ్లో సంతకాలే తిరుగుతున్నాయి అన్నది వచ్చే వారాల్లో ఈ శీర్షికలోనే చెప్పుకుందాం.